నమ్మశక్యం ఎవరి సొత్తు?
(మన కథలు, మన సాక్ష్యాలు – 9వ భాగం)



పోయిన నెల డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు జాషువా ‘గబ్బిలం’ చెబుతున్నాను. పాఠం సగంలో ఉండగా వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. ‘‘మేడం, ఇది రియలిజమా, ఫాంటసీనా? పరీక్షలో అడిగితే ఏమని రాయాలి?’’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. అది అయిదు మార్కుల ప్రశ్న. వాడికి నిజంగానే తెలియాలి.

నేను గైడులో ఉన్న జవాబే చెప్పాను. ‘‘సందేశ కావ్యం. వాస్తవ జీవితాన్ని కల్పనతో మేళవించారు అని రాయి, చాలు.’’ వాడు బుద్ధిగా రాసుకుని కూర్చున్నాడు. బెల్లు కొట్టారు. స్టాఫ్ రూములో కూర్చున్నాక నాకు సిగ్గేసింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. పేటలో పుట్టి పెరిగాను. మా మామ్మ నోట ఇంతకన్నా వింత కథలు విన్నాను. అయినా వాడికి గైడు జవాబు ఇచ్చి పంపాను. ఈ భాగం ఆ కుర్రాడికి నేను పడ్డ బాకీ. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు గబ్బిలం దగ్గరే మొదలుపెడదాం.

అది 1941లో వచ్చిన కావ్యం. అంటరానివాడిగా పుట్టిన ఒక పేదవాడు, ఒక రాత్రి తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకుంటాడు. కాశీకి వెళ్లి శివుడికి నా సంగతి చెప్పమంటాడు. ఎప్పుడు చెప్పాలో కూడా చెబుతాడు: పూజారి లేనప్పుడు. గబ్బిలం గుడిలో తలకిందులుగా వేలాడుతుంది కదా, దేవుడి చెవి దానికి దగ్గర.

కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. మేఘం మాట వింటుందా అని మన పండితులు పరీక్షలో ప్రశ్న పెట్టరు. జాషువా ఎన్నుకున్న గబ్బిలం మేఘంలా అందమైనది కాదు. ఇంట్లో దూరితే అశుభం అని తరిమేసే ప్రాణి. కానీ దానికి ఒక అర్హత ఉంది. అది గర్భగుడిలోకి పోగలదు.

ఇందులో కల్పన ఎంతో లెక్క వేద్దాం. ఆ మనిషి ఆకలి నిజం. అవమానం నిజం. గుడి తలుపులు అతనికి మూసి ఉండటం నిజం. మద్రాసు రాష్ట్రంలో గుడిలోకి వెళ్లడం మన హక్కు అని చెప్పిన చట్టం 1947లో గానీ రాలేదు. గబ్బిలాలు గుళ్లలో కాపురం ఉండటం నిజం, ఏ పాత గుడికి వెళ్లినా వాసనే చెబుతుంది. ఇక మిగిలిన కల్పన ఒక్కటే, గబ్బిలానికి మనిషి మాట అర్థం కావడం. ఆ ఒక్కటీ తీసేసి చూడండి. రాళ్లు మోసి గుడి కట్టిన కులం వాడు గడప బయట ఉన్నాడు. రెట్ట వేసే గబ్బిలం దేవుడి నెత్తి మీద ఉంది. మాట్లాడే గబ్బిలం ఎక్కువ వింతా, ఇది ఎక్కువ వింతా?

మన ఊళ్లలో ఈ రెండోదాన్ని ఎవరూ వింత అనలేదు. ఆచారం అన్నారు. జాషువా మొదటి వింతను ముందు పెట్టి, రెండో దాన్ని మన కళ్లకు కనబడేలా చేశాడు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయమే. వాస్తవాన్నీ అద్భుతాన్నీ కలిపి రాయడం పండితులు కనిపెట్టిన శైలి కాదు. ఎవరి మాట రికార్డుకు ఎక్కలేదో, ఎవరి సాక్ష్యాన్ని ‘నమ్మశక్యంగా లేదు’ అని కొట్టేశారో, వాళ్లు నిజాన్ని దాచుకున్న చోటు అది.

*

దీనికి సాహిత్య విమర్శలో ఒక పేరుంది. మ్యాజిక్ రియలిజం, మాంత్రిక వాస్తవికత అంటారు. ఆ మాట మొదట 1925లో జర్మనీలో పుట్టింది. ఫ్రాంజ్ రో అనే కళా విమర్శకుడు అప్పటి చిత్రకళ గురించి వాడాడు. దానికి మన కష్టాలతో సంబంధం లేదు. సంబంధం ఉన్న కథ సముద్రం అవతల, హైతీలో ఉంది.

హైతీ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల వలస. అప్పటి పేరు సాన్ దొమాంగ్. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు అక్కడ చెరకు పండించి చచ్చిపోయేవాళ్లు. వాళ్లలో మకండాల్ అనే మనిషి చెరకు గానుగలో చెయ్యి పోగొట్టుకున్నాడు. తోట వదిలి కొండల్లోకి పారిపోయాడు. అడవి మొక్కల గుణాలు తెలిసినవాడు. విషంతో యజమానులను హడలెత్తించాడు. 1758 జనవరిలో అతన్ని పట్టుకుని, బానిసలందరినీ పోగుచేసి, వాళ్ల కళ్లముందే కొయ్యకు కట్టి తగలబెట్టారు.

మంటల్లో అతను గింజుకుంటే కొయ్య ఊడింది. ‘మకండాల్ తప్పించుకున్నాడు’ అని జనం కేకలు వేశారు. సైనికులు అతన్ని మళ్లీ పట్టి మంటల్లో వేశారు. ఇది తెల్లవాళ్లు రాసుకున్న చరిత్ర. బానిసలు చెప్పుకున్న చరిత్ర వేరు. మకండాల్ దోమై, ఈగై ఎగిరిపోయాడు. మళ్లీ వస్తాడు.

1943లో క్యూబా రచయిత అలెహో కార్పెంతియర్ హైతీ వెళ్లాడు. యూరప్ రచయితలు అద్భుతాన్ని బల్ల ముందు కూర్చుని కష్టపడి తయారు చేస్తున్నారు, ఇక్కడ అది జనం బతుకులోనే ఉంది అనుకున్నాడు. 1949లో ‘ఈ లోకపు రాజ్యం’ అనే నవల రాసి, దానికి రాసిన ముందుమాటలో ఈ ఆలోచన పెట్టాడు. మకండాల్ చావును ఆ నవలలో రెండు రకాలుగానూ చూపించాడు. అతను బానిసల తలల మీదుగా ఎగిరాడు. ఆ గందరగోళంలో సైనికులు అతన్ని నిప్పుల్లోకి తోయడం కొద్దిమందే చూశారు. ఆ సాయంత్రం బానిసలు తోటలకు నవ్వుకుంటూ తిరిగివెళ్లారు.

ఆ నవ్వు గురించి ఆలోచించండి. యజమానులు అంత ఖర్చుపెట్టి, అంతమందిని పోగుచేసి తగలబెట్టింది ఎందుకు? వీళ్లు భయపడాలని. వీళ్లు నవ్వుతూ ఇంటికి పోయారు. 33 ఏళ్ల తర్వాత, 1791లో, అదే నేల మీద బానిసలు తిరగబడ్డారు. 1804లో హైతీ స్వతంత్ర దేశమైంది. ఎగిరిపోయాడన్న కథ వల్లే తిరుగుబాటు వచ్చిందని నేను అనను. ఆకలీ, కొరడా, నాయకత్వం, ఫ్రాన్సులో వచ్చిన విప్లవం, చాలా కారణాలున్నాయి. కానీ ఓడిపోలేదని నమ్మినవాళ్లే మళ్లీ లేస్తారు. ఆ నమ్మకాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి మోసింది కాగితం కాదు, ఆ కథ.

ఇంకో మాట. కార్పెంతియర్ హైతీవాడు కాదు, బానిసల బిడ్డ కాదు. చూసి వెళ్లిన అతిథి. 1956లో పారిస్‌లో నల్లజాతి రచయితల మొదటి మహాసభ జరిగితే, హైతీ రచయిత జాక్ స్టీఫెన్ అలెక్సీ అక్కడ ‘హైతీయుల అద్భుత వాస్తవికత’ గురించి పత్రం చదివాడు. ఇది మా జనం ఊహాశక్తి, మా జనం పోరాటంలో భాగం అని తన నేల తరఫున నిలబడి చెప్పాడు. 1961లో నియంత దువాలియర్ మనుషుల చేతుల్లో హతమయ్యాడు. సాహిత్య చరిత్రల్లో అతిథి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇంటివాడి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ లెక్క మనకు కొత్త కాదు.

*

అక్కడి నుంచి కొలంబియాకు వద్దాం. మార్క్వెజ్ పేరు మీలో చాలామంది విన్నదే. ‘వందేళ్ల ఏకాంతం’ 1967లో వచ్చింది, 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. తెలుగులో ఆయన గురించి మాట్లాడేటప్పుడు పసుపు సీతాకోకచిలుకల గురించీ, దుప్పట్లతో ఆకాశానికి ఎగిరిపోయిన అమ్మాయి గురించీ చెబుతారు. అరటితోట కూలీల గురించి తక్కువ చెబుతారు.

1928 డిసెంబరులో సియనాగా పట్టణంలో, అమెరికాకు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటితోటల కూలీలు సమ్మెలో ఉన్నారు. స్టేషను దగ్గర పోగైన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది చనిపోయారు? కాల్పులు జరిపించిన సైన్యాధికారి లెక్క 47. అమెరికా దౌత్య కార్యాలయం తన ప్రభుత్వానికి పంపిన తంతిలో, కంపెనీ ప్రతినిధి చెప్పిన లెక్క వెయ్యికి పైన. అప్పటికి మార్క్వెజ్ రెండేళ్లు నిండని పిల్లవాడు. దగ్గర్లోనే అమ్మమ్మ, తాతల ఇంట్లో పెరిగాడు.

నవలలో ఆ కాల్పుల నుంచి బతికి బయటపడ్డ ఒకడు ఊరికి తిరిగివచ్చి, మూడువేల మందిని చంపారు అని చెబుతాడు. ఎవరూ నమ్మరు. ఇక్కడ చనిపోయినవాళ్లే లేరు అంటారు. తర్వాత వాన మొదలై ఏళ్ల తరబడి ఆగదు. ఆ వాన వింత అని విమర్శకులు రాశారు. ఒక స్టేషను నిండా పడిన శవాలను ఊరు ఊరంతా మర్చిపోవడం అంతకన్నా పెద్ద వింత. అది చరిత్రలో నిజంగా జరిగింది.

మార్క్వెజ్ ఒక మాట చాలాసార్లు చెప్పాడు. ఎంత వింత సంగతైనా మొహంలో మార్పు లేకుండా, కూర వండిన సంగతి చెప్పినట్టు చెప్పే పద్ధతి తనకు అమ్మమ్మ దగ్గర అబ్బిందట. ఈ అమ్మమ్మను మనకు కొత్తగా పరిచయం చేయాలా? మన వాకిట్లో నులక మంచం మీద కూర్చున్న మనిషే.

*

ఇప్పుడు కోర్టుల దగ్గరికి వస్తాను. ‘నమ్మశక్యం’ అనే మాటకు అసలు బలం అక్కడే తెలుస్తుంది.

1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ అమెరికాలోని కెంటకీ నుంచి పిల్లలతో పారిపోయి ఒహాయో నది దాటి సిన్సినాటి చేరింది. వెంటాడి వచ్చినవాళ్లు ఇల్లు చుట్టుముట్టారు. పిల్లలు మళ్లీ బానిసత్వంలోకి పోకూడదని ఆ తల్లి తన చిన్నారి కూతుర్ని తన చేత్తోనే చంపుకుంది. ఆమె మీద హత్య కేసు నడపాలా, లేక పారిపోయిన బానిసగా యజమానికి అప్పగించాలా అన్నది అప్పటి వివాదం. హత్య కేసు నడపాలంటే చచ్చిన బిడ్డ మనిషి అని ఒప్పుకోవాలి, చంపిన తల్లి తన పనికి తానే బాధ్యురాలైన మనిషి అని ఒప్పుకోవాలి. చివరికి ఆమెను యజమానికి అప్పగించారు. చట్టం ప్రకారం ఆమె ఆస్తి.

టోనీ మారిసన్ ఈ సంగతిని పాత పత్రిక కథనంలో చదివింది. 1987లో ‘బిలవెడ్’ రాసింది. ఆ నవలలో చనిపోయిన బిడ్డ పెద్దదై, నీళ్లలోంచి లేచి ఇంటికి వస్తుంది. ఆకలి అంటుంది, తీపి అడుగుతుంది, తల్లిని వదలదు. దయ్యం కథ అని పక్కన పెట్టొచ్చు. కానీ ఆ బిడ్డను మనిషిగా లెక్కపెట్టని కాగితాలు ఉన్నచోట, ఆమె మనిషిగా తిరిగి రావడానికి ఇంకే దారి ఉంది? రికార్డులో లేనిది దయ్యంగానే రావాలి.

ఇక మన దేశం. 1968 డిసెంబరు 25 రాత్రి, తమిళనాడులో తంజావూరు జిల్లా కీళవెణ్మణి. కూలి పెంచమని అడిగిన పాపానికి దళిత కూలీల వాడ మీద భూస్వాముల మూక పడింది. ప్రాణభయంతో ఒక గుడిసెలో దాక్కున్న 44 మందిని తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కింది కోర్టు కొందరికి శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు ప్రధాన నిందితుడైన భూస్వామితో సహా వాళ్లను వదిలేసింది. ఆ తీర్పులో ఉన్న వాదన సారాంశం ఇది: నిందితులంతా మిరాసుదార్లే కావడం ఆశ్చర్యంగా ఉంది. వీళ్లు ధనవంతులు, పెద్ద పెద్ద భూములున్నవాళ్లు, ఒకాయనకు కారు కూడా ఉంది. అలాంటివాళ్లు పనివాళ్ల సాయం కూడా లేకుండా స్వయంగా నడిచివచ్చి గుడిసెలు తగలబెట్టారంటే నమ్మడం కష్టం.

మళ్లీ చదవండి. 44 శవాలు ఆశ్చర్యం కాలేదు. కారున్న మనిషి కాలినడకన రావడం ఆశ్చర్యమైంది.

నేను ఎంఏలో వాస్తవికత అంటే ‘ఉన్నది ఉన్నట్టు చెప్పడం’ అని చదువుకున్నాను. ఈ తీర్పు గురించి తెలిశాక ఆ నిర్వచనం నా చేతిలో విరిగిపోయింది. ఏది జరిగే అవకాశం ఉంది, ఏది లేదు, ఏది సహజం, ఏది అసహజం అన్నది ముందే ఎవరో నిర్ణయించి పెట్టారు. ఆ కొలబద్దకు సరిపోయింది వాస్తవం అవుతుంది. సరిపోనిది కట్టుకథ అవుతుంది.

మనకు ఇంకా దగ్గరిది చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి, కాలవలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ హైకోర్టు తీర్పు నాటికి గడిచిన 23 ఏళ్లలో చుండూరు ఆడవాళ్లు ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పి ఉంటారు? సంచుల్లో దొరికిన ఎనిమిది మందిని ఎవరూ చంపలేదని కాగితం చెబుతుంటే, మాంత్రిక వాస్తవికత రాస్తున్నది రచయితలా, రికార్డులా?

*

ఇప్పుడు నా సొంత సంగతి. రాయడం కష్టంగానే ఉంది.

మా మామ్మ ఎండాకాలం రాత్రులు ఆరుబయట మంచాలు వేసుకున్నప్పుడు ఒక కథ చెప్పేది. ఊరి మంచినీళ్ల చెరువులో మన కుండ ముంచకూడదు. గట్టు కింద నిలబడితే ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్లు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఎంతసేపు నిలబడినా పోసేవాళ్లు రాలేదు. మామ్మ మేనత్త నిండు చూలాలు. గట్టెక్కి తనే కుండ ముంచింది. మర్నాడు పొద్దున ఆమె చెరువులో తేలింది. ఆ ఏటి నుంచి ఆ చెరువు నీళ్లు ఊరోళ్ల కుండల్లో పోస్తే పొద్దు గూకేసరికి కంపు కొట్టేవి, మన కుండల్లో పోస్తే తేటగా ఉండేవి. చెరువు ఎండినప్పుడు బురదలోంచి కాలి కడియం చప్పుడు వినపడేది. కథ చివర మామ్మ ఎప్పుడూ ఒకే మాట అనేది: ‘‘అయ్యి ఒట్టి నీళ్లు కాదే, ఎరిగిన నీళ్లు.’’

చిన్నప్పుడు భయపడి దుప్పటి ముసుగేసుకునేదాన్ని. ఎంఏకి వచ్చాక తెలివి పెరిగింది. ‘‘దయ్యాలు లేవు మామ్మా’’ అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. ‘‘దయ్యం సంగతి నీకెవరు చెప్పారే? నేను చెప్పింది నీళ్ల సంగతి’’ అంది.

పీహెచ్‌డీలో ఇలాంటి కథల మీద ఒక అధ్యాయం రాస్తానని సెమినార్లో ప్రతిపాదించాను. ఒక పెద్దాయన అడ్డుపడ్డారు. ఆధారం ఏది, ఎఫ్‌ఐఆర్ ఉందా, పత్రికలో వచ్చిందా, మూఢనమ్మకాన్ని చరిత్ర అంటామా అని అడిగారు. కొన్నాళ్లకు అదే హాల్లో ఆయనే మార్క్వెజ్ అద్భుత కల్పన మీద గంటసేపు మాట్లాడారు. నేను నోట్సు రాసుకున్నాను. నా అధ్యాయం తీసేశాను. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. తీసేసింది మాత్రం నా చెయ్యే.

తర్వాత ఎప్పుడో అర్థమైంది. ఆ కథలో మారని భాగాలు కొన్ని ఉన్నాయి. ఏ నెల, ఏ పొద్దు, ఏ గట్టు, ఆమె ఎన్నో నెల గర్భిణి, ఆ రోజు గట్టు మీద ఎవరి పశువులు ఉన్నాయి. ఎన్నిసార్లు చెప్పినా మామ్మ వీటిని ఒక్క ముక్క మార్చలేదు. నీళ్ల కంపు, కడియం చప్పుడు మాత్రం వినేవాళ్లను బట్టి పెరిగేవి, తగ్గేవి. అంటే వింత భాగం గుడ్డ, నిజం దాంట్లో కట్టిన మూట. ఆ గుడ్డ ఎందుకంటే, దొర పాలేరు పక్కనే చుట్ట కాలుస్తూ కూర్చున్నా ఈ కథ చెప్పొచ్చు. ఎవరు చంపారో పేరు చెబితే మర్నాడు పని ఉండదు, ప్రాణం కూడా ఉండకపోవచ్చు. దయ్యం కథ చెబితే ఎవరూ కొట్టరు. వాళ్లూ వింటారు. విని, ఆ రాత్రి చెరువు గట్టున ఒంటరిగా నడవడానికి భయపడతారు. కోర్టు వేయని శిక్ష అంతమాత్రం వేసింది ఆ కథ.

ఇది తెలిసేసరికి మామ్మ లేదు. ఆమె గొంతు నా దగ్గర రికార్డు లేదు. గట్టు మీద ఎవరి పశువులో నాకు సరిగ్గా గుర్తు లేదు. నా చదువు నాకు చేసిన నష్టం అది.

*

ఇక్కడ మీలో కొందరు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మనం అంబేద్కర్ వారసులం, హేతువాదులం కదా, ఈ వింతల్ని భుజాన వేసుకోవడం ఏమిటి? చేతబడి, బాణామతి పేరుతో మన వాళ్లనే చెట్టుకు కట్టి కొడుతున్నారు. ఎల్లమ్మ పేరు చెప్పి మన ఆడపిల్లల్ని జోగినులుగా మార్చారు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. అద్భుతం పేరుతో ఎక్కువ నష్టపోయింది మనమే.

ఈ ప్రశ్న న్యాయమైనది. జవాబు కూడా బాబాసాహెబ్ దగ్గరే వెతికాను. ఆయన మరణం తర్వాత 1957లో వచ్చిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ తీయండి. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడన్న కథను ఆయన ఒప్పుకోలేదు. 29 ఏళ్లు వచ్చేదాకా ఇవి కంట పడకుండా ఉంటాయా అని అడిగారు. దాని స్థానంలో రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదాను పెట్టారు. యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు ఇల్లు వదలాల్సి వచ్చిందని చెప్పారు. గమనించండి, ఆయన వేసిన ప్రశ్న వింత ఉండొచ్చా లేదా అని కాదు. ఈ కథ ఏ నిజాన్ని కప్పుతోంది అని. కప్పిన గుడ్డ లాగితే కింద నీళ్ల తగాదా కనబడింది.

మనకూ అదే పరీక్ష చాలు. వింత నిజాన్ని కప్పుతోందా, బయటపెడుతోందా? ఎల్లమ్మ కథనే తీసుకోండి. పరశురాముడు తల్లిని నరకబోతే ఆమె మన వాడలోకి పరుగెత్తి ఒక మాదిగ స్త్రీని ఆశ్రయించింది. ఇద్దరి తలలూ తెగాయి. బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. ఒకరి తల, ఇంకొకరి మొండెం. పారిపోయిన పైకులపు ఆడదానికి ఆశ్రయం ఇచ్చి తల పోగొట్టుకున్నది ఎవరో ఈ కథ గుర్తుపెట్టుకుంది. అక్కడ అది సాక్ష్యం. అదే కథను చూపించి ఒక పిల్ల మెడలో పూసలు కట్టి ఊరికి అప్పగిస్తే అది సంకెల. కథ ఒకటే, దాన్ని ఎవరు పట్టుకున్నారన్నదే తేడా.

జాంబపురాణం కూడా అంతే. చిందు కళాకారులు ఆడే ఆ ఆటలో జాంబవుడు భూమి కన్నా ముందే పుట్టానంటాడు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ లాంటివాళ్లు బతుకంతా ఆడి నిలబెట్టిన కళ అది. బ్రాహ్మణుడు ప్రశ్నలు వేస్తాడు, జాంబవుడు జవాబులు చెబుతాడు, చూస్తున్న వాడ మొత్తం జవాబుల దగ్గర కేక వేస్తుంది. దాన్ని భూగర్భశాస్త్రంగా ఎవరూ నమ్మక్కర్లేదు. మీరు వచ్చి మమ్మల్ని అంటరానివాళ్లను చేశారు, మేము అంతకుముందే ఉన్నాం అన్నది అందులోని వాదన. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు మన తాతల ముక్కుల్ని కొలిచి అంకెలు వేశాడు. కొలతలు శాస్త్రంగా, కథలు వింతలుగా పుస్తకానికెక్కాయి. ఇవాళ ఆ ముక్కు కొలతల శాస్త్రం చెల్లదు. జాంబవుడి వాదనకు జవాబు ఇంకా రాలేదు.

*

చివరగా, రాస్తున్న పిల్లలకు ఒక మాట.

కారంచేడు (1985), చుండూరు తర్వాత మన సాహిత్యం ఉప్పెనలా వచ్చింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, మరుసటి ఏడు ‘పదునెక్కిన పాట’ మన కవిత్వాన్ని ఒక్కచోట చేర్చాయి. అప్పటి నుంచి మన దగ్గర లోకం ఒకటే కోరుతోంది. ‘మీ అనుభవం రాయండి, పచ్చిగా రాయండి.’ రాయాల్సిందే. కానీ అందులో ఒక మెలిక ఉంది. మనం గాయం చూపించాలి, ఊహ మాత్రం వాళ్లది. దళితుడి కథలో చెట్టు మాట్లాడితే ‘ఇది మీ అనుభవం కాదే’ అంటారు. డాక్టర్ వి. చంద్రశేఖరరావు వాస్తవంలోకి కలల్ని, వింతల్ని తెచ్చి ‘నల్లమిరియం చెట్టు’ లాంటి నవల రాశారు. 2017లో ఆయన వెళ్లిపోయారు. ఆయన్ని చదవండి. అర్థం కాకపోతే మళ్లీ చదవండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లో ముసలివాళ్లు ఉంటే ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. చెట్టు, బావి, చెరువు, గట్టు, వీటి కథలు అడగండి. మధ్యలో ‘అలా ఎలా జరుగుతుంది’ అనకండి. వాళ్ల మాటను గ్రాంథికం చేయకండి, దిద్దకండి. రెండోసారి, మూడోసారి కూడా చెప్పించుకోండి. ఏది మారింది, ఏది మారలేదు అని రాసుకోండి. మారని చోట ఊరి పేరు, నెల, మనుషుల వివరాలు విడిగా కాగితం మీద పెట్టండి. బతికున్నవాళ్లకు ప్రమాదం ఉన్న పేర్లు బయటపెట్టకండి, భద్రంగా దాచండి. నాకు పంపితే నేనూ వింటాను.

వెనక బెంచీ తమ్ముడూ, నీ అయిదు మార్కుల జవాబు ఇది. గబ్బిలం రియలిజమే. అందులో మాట్లాడే గబ్బిలం ఒక్కటే కల్పన, మిగిలిందంతా 1941. పరీక్షలో ఇలా రాస్తే పేపరు దిద్దే వాళ్లు మార్కులు వేస్తారో లేదో చెప్పలేను. నా దగ్గరికి వస్తే వేస్తాను.

వచ్చే భాగంలో చిందు ఆటలో ఆడవాళ్ల వేషాల గురించి రాస్తాను.

జై భీమ్.